గోదావరి తీరపు చిత్రకారుడు దామెర్ల రామారావు

దామెర్ల రామారావు జీవించినది 28 ఏండ్లు నిండని కాలం. అందులో చదువు ముగించుకొని స్వతంత్ర చిత్రకారుడుగా పనిచేసినది అయిదేండ్లకు మించదు. ఆ అయిదేండ్లలో ఆయన వేసిన చిత్రాలు, తీర్చిదిద్దిన శిష్యులు, నెలకొల్పిన పాఠశాల ఆధునికాంధ్ర చిత్రకళా చరిత్రలో తొలి అధ్యాయంగా నిలిచినవి. రాజప్రతినిధి బహుమతి వలన ఆయన కీర్తిమంతుడైనాడన్నది నిజమే. కాని ఆయన జీవితంలోని అసలు విజయాలు అంతకంటె చిన్నవి, నిత్యజీవితానికి దగ్గరైనవి. తన ఊరిలో, తన ఇంటివారి నడుమ, తన భాష మాట్లాడే పిల్లల ఎదుట చిత్రకళను గౌరవింపదగిన వృత్తిగా నిలబెట్టుటే ఆయన సాధించినది.

రామారావు 1897వ సంవత్సరం మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించినాడు. అది కందుకూరి వీరేశలింగం సంఘసంస్కరణలకు కేంద్రమైన నగరం. పత్రికలు, నాటకాలు, సభలు అక్కడ నిత్యకృత్యాలు. 1900లో గోదావరిపై రైలు వంతెన తెరచిన తరువాత మదరాసుకును, కలకత్తాకును రాకపోకలు సుగమమైనవి. సాహిత్యానికి ఇంత ఆదరణ ఉన్న ఆ ఊరిలో చిత్రకారునికి మాత్రం చోటు లేదు. కళంకారీ అద్దకాలు, దేవాలయాల గోడల మీది బొమ్మలు కులవృత్తులుగా సాగుచుండినవి. చదువుకొన్నవారి ఇండ్లలో రవివర్మ చిత్రాల అచ్చులు వ్రేలాడుచుండినవి. బొమ్మను గోడకు తగిలించుకొని ఆనందించే పెద్దలు, తమ కుమారుడు బొమ్మలు వేయుటకు బ్రతుకంతా ధారపోయుదునంటే సహించే కాలం కాదు అది. బాలుడు ప్లీడరు కావలె. లేదా సర్కారు కొలువు సంపాదించవలె. చేతిలో బలపం కనబడితే చాలు ఎక్కడనో ఒక బొమ్మ గీసే పిల్లవాడు చదువుకు చెడినట్లే లెక్క.

అట్టి పిల్లవానిని ఆదుకొన్నది ఒక ఉపాధ్యాయుని కన్ను. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే 1909లో ప్రిన్సిపాలుగా వచ్చినాడు. ఆంగ్లేయుడే అయినా ఆయనలో అధికారి కంటె కవీ చిత్రకారుడూ ఎక్కువగా ఉండినారు. గోదావరి అన్నా, అజంతా గుహల చిత్రాలన్నా ఆయనకు ఎనలేని మక్కువ. అభిరుచి గల యువకులను చేరదీసి వారితో కళలను గూర్చి ముచ్చటించుట ఆయన అలవాటు. తరువాతి కాలంలో నవలాకారుడుగా, చిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కిన అడివి బాపిరాజు ఆ గోష్ఠిలోనివాడే. రామారావు గీతలను చూచిన కూల్డ్రే ఆ చేతికి కావలసినది సామాన్య విద్య కాదని గుర్తించినాడు. పరీక్షలలో వచ్చే మార్కులను బట్టి గాక, పిల్లవానిలో సహజంగా ఉన్నదానిని బట్టి అతని దారి నిర్ణయించుట నేటికినీ ఉపాధ్యాయులకు కష్టమైన పని. కూల్డ్రే ఆ పని చేసినాడు. ఆయన పూనికతోనే 1916లో రామారావు బొంబాయి వెళ్ళి జంషెడ్జీ జీజీభాయి చిత్రకళాశాలలో చేరగలిగినాడు.

అప్పటి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ ఆయన వెంట తెచ్చిన చిత్రాలను చూచి పై తరగతిలోనే చేర్చుకొన్నాడు. ఊరిలో ఎవరి వద్దనూ క్రమంగా నేర్వని పందొమ్మిదేండ్ల యువకునికి అది మొదటి విజయం. ఆ కళాశాలలో శిక్షణ కఠినమైనది. ముందు సుద్దతో పోతపోసిన విగ్రహాలను ఎదుట పెట్టుకొని వెలుగునీడలు గీయవలె. ఎముకల పొందిక, కండరాల కదలిక తెలిసికొనవలె. ఆ తరువాత సజీవమైన మనిషిని చూచి గీయవలె. బర్న్స్ తరువాత ప్రిన్సిపాలైన గ్లాడ్‌స్టన్ సాలమన్ కాలంలో మానవ శరీరాధ్యయనానికి ప్రాముఖ్యం పెరిగినది. భారతీయ సంప్రదాయాన్ని మరువరాదన్న అభిప్రాయమూ ఆ కళాశాలలో బలపడినది. రామారావు కుంచెలో ఈ రెండూ కలిసినవి. పాశ్చాత్య పద్ధతిలో నేర్చిన శరీరజ్ఞానం ఒకవైపు, అజంతా నుండి వచ్చిన రేఖాలాలిత్యం ఒకవైపు.

1920లో చదువు ముగిసినది. బొంబాయిలో ఉండిపోయిన చిత్రకారునికి ధనికుల ప్రతిరూపాలు వేసి సుఖంగా జీవించే అవకాశం ఉండినది. రంగులు, నారగుడ్డ, చట్రాలు కట్టేవారు, చిత్రాలు కొనేవారు అంతా అక్కడనే. రాజమహేంద్రవరంలో ఇవేవీ లేవు. అయినా రామారావు ఇల్లు చేరినాడు. ఈ నిర్ణయమే ఆయన జీవితానికి కీలకం. చిత్రకళకు బెంగాలులో అవనీంద్రనాథ ఠాకూరు ఒక మార్గం చూపినాడు. బొంబాయికి తన మార్గం ఉన్నది. అమరావతి శిల్పాన్ని ప్రపంచానికిచ్చిన ఆంధ్రదేశానికి మాత్రం తనదన్న చిత్రకళ అప్పటికి లేదు. ఆ లోటు పరాయి నగరంలో కూర్చుండి తీర్చదగినది కాదని ఆయన భావించినాడు.

ఇక ఆయన దినచర్య అంతా పనియే. నీటిరంగులు, తైలవర్ణాలు, బొగ్గుకడ్డీ, పెన్సిలు అన్నిటను ఆయన చేయి సాగినది. చిత్తు పుస్తకాలను నింపుట ఆయనకు నిత్యాభ్యాసం. గోదావరి గట్టు, కొండల నడుమ సాగే నది, కడవలెత్తుకొన్న స్త్రీలు, పూజకు కూర్చున్న ఇల్లాండ్రు ఆయన కన్నులబడి చిత్రాలైనారు. ఒక్కొక్క పెద్ద చిత్రం వెనుక అనేకమైన చిన్న అభ్యాసాలుంటవి: ఒక చేతి వంపు, ఒక చీర మడత, మెడ తిరిగిన తీరు. అవి అమ్ముడుపోయేవి కావు. ప్రదర్శనలకు పోయేవి కావు. కాని చట్రంలో నిలిచిన చిత్రానికి బలం వాని నుండియే వచ్చినది.

కార్తిక పౌర్ణమినాడు గోదావరిలో దీపాలు వదలుట ఆ తీరవాసులకు ఏటేటా కనబడే దృశ్యం. దానిని చిత్రంగా భావించినవారు అంతకుముందు లేరు. రామారావు 'కార్తిక పౌర్ణమి'ని చిత్రించినాడు. స్త్రీల అలంకరణను 'పుష్పాలంకరణ'గా, భక్తిని 'నందిపూజ'గా మలచినాడు. 'సిద్ధార్థ రాగోదయం' బుద్ధుని యౌవనకథ. ప్రపంచాన్ని విడువబోవువానిని అందరూ చిత్రించినారు. ప్రపంచంలో తొలిసారిగా మనసు నిలిపిన రాజకుమారుని రామారావు ఎన్నుకొన్నాడు. పురాణకథను తీసికొన్నప్పుడు కూడ అందులోని మానవహృదయం కదలిన క్షణమే ఆయనకు ఇష్టమైనది.

ఆయనకు పెద్దపేరు తెచ్చిన ఋష్యశృంగుని చిత్రమూ అట్టిదే. పుట్టిన నాటి నుండి స్త్రీని చూచి ఎరుగని మునికుమారుడు తొలిసారిగా ఆ రూపాన్ని చూచి మోహితుడైన కథ రామాయణం చదివినవారికి తెలిసినదే. కలకత్తాలో 1922లో జరిగిన అఖిలభారత ప్రదర్శనలో ఆ చిత్రానికి ప్రథమ బహుమతి లభించినది. అప్పటి రాజప్రతినిధి లార్డ్ రీడింగ్ మెప్పు కూడ దక్కినది. ఆ వార్త రాజమహేంద్రవరంలో కలిగించిన మార్పు బహుమతి కంటె విలువైనది. బొమ్మల పిచ్చివాడన్న మాట వెనుకబడినది. కుమారులను చిత్రకళ నేర్చుకొమ్మని పంపుటకు తల్లిదండ్రులకు ధైర్యం కలిగినది.

ఆ ధైర్యాన్ని రామారావు వృథా పోనీయలేదు. 1923 నాటికి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల వెలసినది. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆయనకు కుడిభుజంగా నిలిచినాడు. తాను బొంబాయిలో నేర్చినదంతా తెలుగులో చెప్పి, ఎదుట గీసి చూపి, శిష్యుల చేత గీయించుట ఆయన పద్ధతి. బొంబాయి వెళ్ళే స్తోమతు లేని పిల్లలకు బొంబాయి విద్య ఇంటి ముంగిటికి వచ్చినది. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టినది. భార్య సత్యవాణి కూడ చిత్రలేఖనం అభ్యసించినది. ఆనాటి గృహస్థుల ఇండ్లలో స్త్రీలు ముగ్గులు వేయుట ఉన్నది గాని, చిత్రఫలకం ముందు కూర్చుండుట లేదు. చిత్రకళలో ఆంధ్ర స్త్రీలకు తెరచుకొన్న ఈ చిన్న వాకిలిని ఆయన విజయాలలో ముందు లెక్కింపవలె.

1924లో లండను సమీపాన వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో రామారావు చిత్రాలకు స్థానం లభించినది. గోదావరి ఒడ్డున రూపొందిన బొమ్మలు సముద్రాలు దాటినవి. కీర్తి విస్తరించుచున్న ఆ వేళలోనే మశూచి సోకినది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు కన్నుమూసినాడు. మరొక నెల గడచియుంటే ఆయనకు 28 ఏండ్లు నిండేవి.

ఒక వ్యక్తి మీద ఆధారపడిన సంస్థలు ఆ వ్యక్తితోనే అంతరించుట మన దేశంలో సాధారణం. రాజమహేంద్రవరం చిత్రకళాశాల అట్లు కాలేదు. వరదా వెంకటరత్నం స్వంత కీర్తిని పక్కకు పెట్టి మిత్రుని పాఠశాలను నడిపినాడు. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ ఆ చిత్రాలను చెదరనీయక కాపాడినారు. ఆ శ్రద్ధ ఫలితంగానే ఆయన పేరిట చిత్రశాల ఏర్పడినది. తరువాతి కాలంలో అది ప్రభుత్వ సంరక్షణలోనికి వచ్చినది.

నేర్చినది ఎక్కడైనా నేర్పవలసినది మన నేల మీదనే అన్న రామారావు దారి తరువాతి తరాలలో కూడ కనబడుతున్నది. ఆయన మరణించే నాటికి వరంగల్లు ప్రాంతపు పెనుగొండ గ్రామంలో ఏడాది పసివాడైన కొండపల్లి శేషగిరిరావు, పెరిగి పెద్దవాడై శాంతినికేతనంలో నందలాల్ బోసు వద్ద నేర్చి, తిరిగి వచ్చి హైదరాబాదు లలితకళాశాలలో అనేక సంవత్సరాలు బోధించినాడు. ఇద్దరి శైలులు వేరు, కాలాలు వేరు. దూరం పోయి విద్య సంపాదించి ఇంటికి తెచ్చి పంచుట మాత్రం ఒక్కటే.

రామారావు ఎక్కువ కాలం జీవించియుంటే ఎంత సాధించేవాడో అని వాపోవుట సులభం. ఆయన సాధించినదానిని చూచుట అంతకంటె మేలు. అమ్ముకొని చెదరగొట్టకుండ ఇంటివారు, మిత్రులు కాపాడినందున ఆయన చిత్రాలలో పెక్కు రాజమహేంద్రవరంలో ఒకే చోట నిలిచినవి. ఉపాధ్యాయుడు తన విద్యార్థులను వెంటబెట్టుకొని పోయి, ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళ ఎట్లు ఆరంభమైనదో ఒక్క పూటలో చూపగలిగిన స్థలం అది.