నీటియద్దము, గాజుపలక: రాజా దీన్ దయాళ్ గారి జీవితము

కొల్లేటి నీటిని చూచుటకు మంచివేళ సూర్యుడు క్రుంకుటకు ముందటి అరగంట. శీతకాలమున ఆ వేళకు గాలి యడగిపోవును. గట్టుమీది తాటిచెట్లును కొబ్బరిచెట్లును ఎఱ్ఱని ఆకాశముతో కూడ నీటిలోనికి తలక్రిందుగా దిగి, పైచెట్టేదో క్రిందిచెట్టేదో తెలియకుండ నిలుచును. తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు వచ్చు కాలువయొడ్డునను, లాకుల కెగువను నీరు నిలిచినచోట, ఇట్టి దృశ్యమే చూడనగును.

గత సంవత్సరము మా విద్యార్థులు కొందఱు ఉపాధ్యాయులతో గూడ ఆటపాకకు పోయి, గూడబాతులను చూచి, తిరిగి వచ్చునప్పుడు ఈ దృశ్యమును తమ ఫోనులతో ఛాయాచిత్రములు తీసిరి. మఱునాడు చూడగా ఆకాశము బాగుగనే యున్నది గాని, చెట్లు మసిబొగ్గులవలె నుండెను. పడవ కదలినందున నీరు చెదరియుండెను. అప్పుడొక బాలుడు, ఈ సాధనములేవియు లేని కాలమున ఇట్టి పని యెట్లు చేసిరని మమ్మడిగెను. ఆ ప్రశ్నకు సమాధానముగా, తెలుగునేలపై పనిచేసిన ఒక ప్రసిద్ధ ఛాయాచిత్రకారుని జీవితము నిచ్చట చెప్పుచున్నాము.

దీన్ దయాళ్ గారు 1844వ సంవత్సరమున మీరటు సమీపమునగల సర్ధనా గ్రామమున ఒక జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు నగరమున పబ్లిక్ వర్క్సు శాఖయందు ఉద్యోగమున ప్రవేశించిరి. అంచనాలు కట్టుట, నక్షలు గీయుట ఆయన పని. కెమెరా ఆయన చేతికి వచ్చినది 1874 ప్రాంతమున; అప్పటికి ముప్పదియేండ్ల వయస్సు. ఇండోరు మహారాజగు రెండవ తుకోజీరావు హోల్కరు గారును, మధ్య ఇండియాలో గవర్నరు జనరలు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డాలీ దొరగారును ఆయనను ప్రోత్సహించిరి.

ఆ దినములలో ఫొటో తీయుటయనగా నేమో నేటి పిల్లలకు కొంత వివరింపవలెను. గాజుపలకపై కొలోడియను అను జిగటద్రవమును పోసి, సమముగా పాఱించి, చీకటిలో వెండి ఉప్పు నీటిలో ముంచి, ఆ పలక తడియారకముందే కెమెరాలో పెట్టి చిత్రమును తీసి, వెంటనే మందునీటిలో కడుగవలెను. కావున ఛాయాచిత్రకారుడు పోవుచోటికెల్ల చీకటి డేరాయు, సీసాలును, గాజుపలకల పెట్టెలును కూలీల తలలపై నడచెడివి. 1880 నాటికి ముందే పూతపూసి సిద్ధముచేసిన ఎండుపలకలు వ్యాప్తిలోనికి రాగా ఈ శ్రమ కొంత తగ్గెను. అయినను, ముక్కాలిపీటపై పెట్టిన బరువైన పెట్టెయు, నల్లగుడ్డయు తప్పలేదు.

ఆ నల్లగుడ్డ క్రింద తల దూర్చి చూచువానికి వెనుకనున్న మసక గాజుబిళ్ళపై లోకమంతయు తలక్రిందుగా కనబడును. కొలనియొడ్డున చెట్టును తీయువాడు ఆ బిళ్ళపై చూచునదేమి? గట్టుమీది చెట్టు తలక్రిందై యుండును; నీటిలోని నీడ నిటారుగా నిలిచియుండును. మేము పాత కెమెరా నొకదానిని పెట్టి మొదటిసారి యిది చూచినప్పుడు పిల్లలకంటె మేమే ఎక్కువగా నవ్వితిమి. ఈ తలక్రిందు లోకములోనే అడ్డగీతలను, నిలువుగీతలను సరిచూచుకొనుట ఆనాటి ఛాయాచిత్రకారుని నిత్యకృత్యము. నక్షలు గీయు చేతికి అది కష్టము గాదు. ఆయన తీసిన కోటల చిత్రములలో గోడలు ఒరగక నిలుచుటకు మొదటి ఉద్యోగమే కారణమని మా యభిప్రాయము.

నీటిలోని నీడను గూర్చి మఱికొన్ని సంగతులు కలవు. నీటిలోని చెట్టు నీటిపైభాగమున నుండదు. కెమెరానుండి నీటికిని, నీటినుండి చెట్టునకును గల దూరములు రెండును కలిసినంత దూరమున నుండును. కావున కటకమును చెట్టునకు సరిచేయవలెను గాని నీటికి గాదు. నీటిపై నిలువునా పడు వెలుగులో నూటికి రెండుపాళ్ళు మాత్రమే వెనుకకు మరలును. నీటిని రాచుకొనునట్లు ఏటవాలుగ వచ్చు వెలుగు చాలవఱకు మరలును. కెమెరాను నీటికి దగ్గఱగా దించినకొలది నీడ తేటపడుట కిదియే హేతువు. ఎత్తైన గట్టు వెనుకనున్న చెట్టునకు మొదలు నీటిలో కనబడదు. ఏలయన, ఆ నీడను మనము నీటిక్రిందినుండి పైకి చూచినట్లే చూచుచున్నాము.

ఇక సాయంసంధ్య మాట. ఇదియే ఆ కాలపు వారికి దక్కనిది. ఆనాటి పలకకు నీలివెలుగు మాత్రమే బాగుగ తెలియును. ఎఱుపు దానికి చీకటితో సమానము. జర్మనీలో ఫోగెల్ అను శాస్త్రజ్ఞుడు 1873లో కొన్ని రంగులు కలిపినచో పలకకు ఇతర వర్ణములును తెలియునని కనుగొనెను గాని, ఎఱుపు సామాన్యపు పలకలకు చాలకాలము అందలేదు. కావున మన కన్నులకు ఆకాశమెల్ల నిప్పువలె వెలుగు వేళయే ఆ పలకకు చీకటిపడు వేళ. మూతను అంతకంతకు ఎక్కువసేపు తెఱచియుంచవలసి వచ్చును. ఈలోగా ఒక చేప ఎగిరినను, గాలి కొంచెము వీచినను నీటిలోని చెట్టు పొగయై పోవును.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ దొరగారు బుందేల్‌ఖండములో పర్యటించుచు దీన్ దయాళ్ గారిని వెంటబెట్టుకొని పోయిరి. గ్వాలియరు కోట, ఖజురహో దేవాలయములు, సాంచీ స్తూపము మొదలగువాని చిత్రములతో 1886లో ఒక గొప్ప గ్రంథము వెలువడెను. ఆ ప్రాంతములనే ఆయన ఉద్యోగమును విడిచి, సికిందరాబాదున స్టూడియో స్థాపించిరి. ఆఱవ నిజామగు మహబూబ్ అలీ ఖాన్ గారు ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగిరి. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఘోషాస్త్రీల కొఱకు 1892లో ప్రత్యేకముగా ఒక స్టూడియో తెఱచి, దానిని ఒక ఐరోపా స్త్రీ చేతిలో పెట్టిరి. 1896లో బొంబాయిలో మఱియొక శాఖ వెలసెను. 1897లో విక్టోరియా రాణి నియామకపత్రము లభించెను.

దర్బారులు, వేటలు, విందులు, నగలు ధరించిన జమీందారులు: ఈ చిత్రములే ఆయనకు కీర్తి తెచ్చెను. మాకు మాత్రము, ఆ శతాబ్దాంతమున ఔరంగాబాదు ప్రాంతమున కరవుసాయమును గూర్చి తీసిన చిత్రములు ఎక్కువ దినములు మనస్సున నిలిచినవి. అవి ప్రభుత్వమువారి సత్కార్యమును చూపుటకు తీయబడినవే; ఎముకలగూళ్ళవంటి జనులను వరుసగా నిలువబెట్టుట చూచినప్పుడు మనస్సు చివుక్కుమనును. తమ చిత్రమెందుకు తీయుచున్నారో వారి కెవరు చెప్పిరి? అయినను, ఆ కెమెరా అక్కడికి పోకున్నచో ఆ ముఖములు నేడు ఎవరికిని తెలియకయుండును. పూర్తిగా మెచ్చుకొనలేము, పూర్తిగా నిందింపలేము.

కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ గార్లు తండ్రితో కలిసి పనిచేసిరి. 1904లో ధరమ్‌చంద్ గారు మరణించిరి. మఱుసటి సంవత్సరము, 1905లో, దీన్ దయాళ్ గారును లోకమును విడిచిరి. ఫ్రాన్సు దేశమున లూమియేర్ సోదరులు బంగాళాదుంప పిండిరేణువులకు రంగులద్ది, రంగుల చిత్రము పట్టగల గాజుపలకలను అంగడిలోనికి తెచ్చినది 1907లో. రెండేండ్ల వ్యవధిలో ఎఱ్ఱని ఆకాశము ఆయన చేతికి తప్పిపోయినది.

ఆయన సంస్థకు చెందిన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరినవి. 2006లో తపాలాశాఖవారు ఆయన పేర ఒక బిళ్ళను వెలువరించిరి. అట్టి పలక నొకదానిని వెలుతురునకెత్తి చూచినచో అంతయు తాఱుమాఱుగ నుండును: ఆకాశము నల్లన, చెట్టు తెల్లన, నీటిలోని దాని నీడయు తెల్లన.