అడవి బాలుని గురువు: ఇటార్

ఝాఁ మార్క్ గస్పార్ ఇటార్ 1774వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున, ప్రోవాన్సు సీమలోని ఒరెజోఁ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి కుమారుని వర్తక వ్యవహారములలో ప్రవేశపెట్టదలచెను. కాని ఫ్రెంచి విప్లవము ఎందరి జీవితములనో తారుమారు చేసినట్లే ఈ యువకుని జీవితమును కూడ మార్చెను. యువకులను నిర్బంధముగా సైన్యములో చేర్చుకొనుచున్న రోజులవి. తుపాకి పట్టుట కిష్టము లేక, వైద్యశాస్త్రమున ఓనమాలైనను ఎరుగకయే, ఇటార్ ఒక సైనిక వైద్యశాలలో సహాయకుడుగా కుదురుకొనెను. తప్పించుకొనుటకై పట్టిన పనియే ఆయనకు ప్రాణమయ్యెను. పిమ్మట లార్రే వంటి ప్రసిద్ధ శస్త్రవైద్యుని యొద్ద శిక్షణ పొంది, పారిసులోని వాల్ ద గ్రాస్ సైనిక వైద్యశాలలో పని చేసి, 1800 చివర ఆ నగరమందలి చెవిటి మూగల జాతీయ విద్యాలయమునకు వైద్యుడుగా నియమితుడయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 26 ఏండ్లు.

ఆ సంవత్సరము జనవరి నెలలోనే ఆవేరోఁ జిల్లాలో, సాఁ సెర్నాఁ అను గ్రామమున, ఒక బాలుడు జనులకు పట్టువడి యుండెను. వయస్సు 11, 12 ఏండ్లుండవచ్చును. ఒడలిపై చిరిగిన చొక్కా తప్ప వేరు వస్త్రము లేదు. మాట లేదు. కంఠమున పాతగాయపు మచ్చ యొకటి కలదు. ఎవరో పసితనముననే వానిని చంపబోయి అడవిలో విడిచి పోయిరని పలువురు తలచిరి. అంతకు ముందే లకోన్ అడవులలో వానిని చూచినవారు, పట్టుకొన్నవారు ఉండిరి. పట్టినప్పుడెల్ల వాడు పారిపోయెను. ఈ వార్త పారిసు చేరగా, ఆంతరంగిక వ్యవహారముల మంత్రియు, నెపోలియను సోదరుడును అయిన ల్యూసియెన్ బోనపార్టు, బాలుని రాజధానికి పంపవలసినదిగా ఉత్తరువు చేసెను. 1800 ఆగస్టులో వాడు పారిసు చేరెను.

నగరమంతయు వానిని చూడ విరగబడెను. రూసో మహాశయుని గ్రంథములు చదివి, నాగరకత సోకని మానవుడు స్వచ్ఛముగను సుందరముగను ఉండునని ఊహించుకొన్న వారికి కనబడినదేమి? ముందునకు వెనుకకు ఊగుచు, ఎవరి వంకను చూడక, దగ్గరకు వచ్చిన వారిని కరచుచు, గోళ్లతో రక్కుచు నుండు ఒక మురికి పిల్లవాడు. నాలుగు రోజులలో జనుల వేడుక తీరిపోయెను. పీనెల్ అను మహావైద్యుడు వానిని పరీక్షించెను. మతి చలించిన వారి సంకెళ్లు తీయించిన మహనీయుడని లోకము కొనియాడిన పీనెల్ ఆయనయే. తన వైద్యశాలలోని బుద్ధిమాంద్యము గల పిల్లలతో ఈ బాలుని పోల్చి చూచి, వీనికిని వారికిని భేదము లేదనియు, వీనికి విద్య గరపుట సాధ్యము కాదనియు ఆయన తీర్మానించెను.

ఇటార్ ఈ తీర్పును అంగీకరింపలేదు. బుద్ధి లేనందున వాడు అడవి పాలు కాలేదు, అడవి పాలగుటచేతనే వానికి బుద్ధి వికసింపలేదు అని ఆయన వాదము. మనుష్యుల మధ్య పెరుగని బిడ్డకు మనుష్యుల గుణములు ఎట్లు పట్టుబడును? పేరుప్రతిష్ఠలు లేని యువవైద్యుడు దేశమునకెల్ల ప్రామాణికుడైన పండితుని కాదని, ప్రభుత్వపు ఖర్చుతో ఆ బాలుని చేపట్టుట సాహసమే. ఓడిపోయినచో నవ్వులపాలగును. బాలునికైనచో అంతకంటె పెద్ద ప్రమాదము: పిచ్చివారి ఆలయములో జీవితాంతము బందీ యగును.

బాలుని పోషణకు గేరాఁ అను ఇల్లాలిని నియమించిరి. ఇటార్ పేరు నేడు విద్యాశాస్త్ర గ్రంథములందున్నది. ఆమె పేరు చెప్పువారు అరుదు. కాని వానికి స్నానము చేయించి, అన్నము పెట్టి, నడిరాత్రి మేలుకొని, షికారు త్రిప్పి, వాడు కోపించినప్పుడు ఓర్చుకొన్నది ఆమెయే. ఇటార్ పాఠములు దినమునకు కొన్ని గంటలు. ఆమె పాఠము తెల్లవారినది మొదలు మరల తెల్లవారు వరకు.

మొదట వాని ఇంద్రియములనే మేల్కొల్పవలసి వచ్చెను. వాడు నిప్పులలో నుండి బంగాళాదుంపలను చేతితో తీసికొని తినుచుండెను. మంచు కురియగా అరకొర బట్టలతో బయటకు పరుగెత్తి దానిలో పొర్లుచుండెను. వెనుక తుపాకి ప్రేల్చినను తల త్రిప్పడు, కాని గదిలో ఎక్కడనో అక్రోటుకాయ పగిలిన చప్పుడైనచో వెంటనే అటు చూచును! వాడు చెవిటివాడు కాడనియు, తనకు కావలసిన దానినే వినుచున్నాడనియు ఇటార్ గ్రహించెను. దినమును రెండు మూడు గంటలపాటు వేడినీళ్ల స్నానము చేయింపసాగెను. కొన్ని నెలలకు బాలుడు తొట్టిలో వ్రేలుంచి చూచి, నీరు చాలినంత వెచ్చగా లేనిచో దిగనని మొండికెత్తెను. ఇంత చిన్న విషయమునకు గురువు పొంగిపోయెను. ఓ అను ధ్వని వినబడగానే వాడు తల త్రిప్పుచుండుటచే, ఆ ధ్వని ఒత్తి పలుకబడు విక్తోర్ అను పేరు వానికి పెట్టెను.

మాట మాత్రము రాలేదు. ఫ్రెంచి భాషలో పాలను లే అందురు. ఆ మాటను వాడొకనాడు పలికెను. కాని పాలు ఇమ్మని అడుగుటకు గాక, పాలు పోసిన పిమ్మట సంతోషముచేత పలికెను. నోటికి రాని మాట చేతికి వచ్చెను. ఆ పదమునకు చెందిన నాలుగు అక్షరములను బల్లపై పేర్చుట నేర్చుకొన్న కొలది దినములకు, పాలు దొరకు ఒక మిత్రుని ఇంటికి పోవునప్పుడు, ఎవరును చెప్పకయే ఆ అక్షరములను వెంట తీసికొని పోయి అక్కడి బల్లపై పేర్చి చూపెను.

ఉపాధ్యాయులకు మిక్కిలి పరిచితమైన చిక్కొకటి తరువాత వచ్చెను. పుస్తకము అను పదమును చూపగా వాడు గదిలోనికి పోయి ఒక పుస్తకము తెచ్చును. ఆ గదికి తాళము వేసి, ఎదురుగా వేరొక పుస్తకము నుంచి అదే పదమును చూపగా దిక్కు తోచక నిలబడును. వాని దృష్టిలో పుస్తకము అనగా ఆ యొక్క పుస్తకమే. ఒక పేరు అనేక వస్తువులకు చెల్లునని తెలిపిన పిమ్మట, వాడు రెండవ అంచునకు పోయి క్షురకుని కత్తిని గూడ చాకు అనసాగెను. ఒకనాడు శ్రమయంతయు వ్యర్థమైనదని విసిగి, నిన్ను అడవినుండి తెచ్చుటయే పొరపాటని ఇటార్ వానిని నిందించెను. మాట లర్థముకాని ఆ బాలుని కన్నుల నీరు కారెను.

మోహమాటము లేకుండ చెప్పవలెనన్నచో, ఇటార్ కొన్ని పనులు నేటి వారికి రుచింపవు. బాలునికి కోపావేశము వచ్చినప్పుడు, ఎత్తైన చోట్లన్న వానికి భయమని తెలిసి, నాలుగవ అంతస్తు కిటికీ నుండి తలక్రిందుగా పట్టి చూపెను. న్యాయాన్యాయ జ్ఞానము వానికి కలదో లేదో తెలిసికొనుటకై, పాఠము సరిగా అప్పగించిన దినముననే శిక్షింపబోవుచున్నట్లు చీకటి గదిలోనికి ఈడ్చెను. విక్తోర్ ఎదురు తిరిగి గురువు చేయి కరచెను. ఆ పంటిగాటు ఇటార్‌కు పరమానందము కలిగించినదట! అన్యాయమును సహింపలేని హృదయము మనుష్య హృదయమే గదా యని ఆయన సంతోషము. శిష్యునికి అది ఆనందకరమైన పరీక్ష కాదు.

ఆ హృదయమునకు అంతకంటె మంచి సాక్ష్యములు ఇంటిలోనే లభించినవి. గేరాఁ భర్త మరణించిన పిమ్మట, విక్తోర్ అలవాటు ప్రకారము ఆయన కంచమును బల్లపై నుంచెను. ఆమె దుఃఖించుట చూచి, మెల్లగా కంచము తీసి బీరువాలో పెట్టెను. మరల ఎన్నడును దానిని బయటకు తీయలేదు. వేరొకప్పుడు పారిపోయి సాఁలీ ప్రాంతమున రక్షకభటులకు చిక్కి, కొన్ని దినములు నిర్బంధమున నుండి, తన్ను తీసికొని పోవుటకు వచ్చిన ఆమెను చూడగానే వాడు వివర్ణుడై క్షణకాలము మూర్ఛిల్లెను.

ఐదేండ్లకు పైగా సాగిన ఈ కృషిని గూర్చి ఇటార్ 1801లో ఒకటి, 1806లో ఒకటి, రెండు నివేదికలు వ్రాసెను. మొదటిది ఆశతో నిండినది. రెండవది ఓటమిని ఒప్పుకొనుచు వ్రాసినది. విక్తోర్ కొన్ని పదములు చదువగలిగెను, వ్రాయగలిగెను, ఇంటిపనులు చేయగలిగెను. మాట్లాడలేదు. యౌవనావేశము వచ్చిన పిమ్మట పాఠములు సాగలేదు. విచిత్రమేమనగా, ఇటార్ పనిచేసినది చెవిటివారి పాఠశాల. ఆ ఆవరణమున వందలకొలది సంజ్ఞలతో పిల్లలు నిత్యము మాటలాడుకొనుచుండిరి. విక్తోర్‌కు సైగలు స్వభావముగనే వచ్చుచుండెను. అయినను ఆ సంజ్ఞల భాషను వానికి నేర్పవలెనని ఇటార్‌కు తోచలేదు. మాట యనగా నోటితో పలుకునదే యను నమ్మకము ఆయన కన్నులకు అడ్డుపడెను. సంజ్ఞల విలువను ఆయన గుర్తించుట తరువాతి కాలముననే.

గేరాఁకు ప్రభుత్వము సాలునకు 150 ఫ్రాంకుల భృతి ఏర్పరచెను. విక్తోర్ ఆమెతోనే, పాఠశాలకు సమీపమున నుండిన ఫయ్యాంతీన్ సందులో కాలము గడపి, 1828లో నలుబది ఏండ్ల ప్రాయమున మరణించెను. ఇటార్ చెవి వ్యాధులపై 1821లో గొప్ప గ్రంథము ప్రకటించి, ఆ శాస్త్రమునకు మూలపురుషులలో ఒకడయ్యెను. 7వ ఏట మొదలైన అవయవముల అదరుపాటులతోను, అప్రయత్నముగా వెలువడు కేకలతోను బాధపడుచుండిన ఒక కులీన స్త్రీని గూర్చి 1825లో వ్రాసెను. అరువది ఏండ్ల పిమ్మట తూరెత్ అను వైద్యుడు ఆ వర్ణననే ఆధారము చేసికొనగా, ఆ వ్యాధి తూరెత్ పేరుతోనే ప్రసిద్ధమయ్యెను. చెవిటి పిల్లలపై ఇటార్ చేసిన బాధాకరమైన చికిత్సలు కూడ చరిత్రలో నిలిచియున్నవి. ఆయన వివాహము చేసికొనలేదు. 1838 జూలై 5వ తేదీన మరణించెను.

విక్తోర్‌కు నిజముగా ఉండిన లోపమేది? 1943లో కానర్ అను వైద్యుడు ఆటిజము అను స్థితిని వర్ణించిన పిమ్మట, ఆ ఊగుట, ఆ ఎంపికచేసి వినుట, వస్తువులు ఉన్నచోటనే యుండవలెనను పట్టుదల చదివిన పలువురు, విక్తోర్ అట్టి బాలుడే యనిరి. ఒంటరితనమే కారణమని వాదించువారును కలరు. ఇటార్, పీనెల్‌ల తగవు రెండు శతాబ్దములు గడచినను తీరలేదు.

ఇటార్ వృద్ధాప్యమున సెగేఁ అను యువకుడు ఆయన సలహాతో ఒక మందబుద్ధి బాలునికి చదువు చెప్పసాగెను. అట్టి పిల్లలకై సెగేఁ ఒక బోధనా పద్ధతినే నిర్మించి, తరువాత అమెరికాకు వలసపోయెను. రోమునగరమున మందబుద్ధి పిల్లలకు వైద్యము చేయుచుండిన మరియా మాంటిసోరి, వీరిరువురి గ్రంథములను తన చేతితో ఇటలీ భాషలో వ్రాసికొని, ఆ పద్ధతులనే 1907లో సామాన్య బాలలకు అన్వయించెను. 1939లో ఆమె మదరాసుకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. వారికి ఆమె చూపిన గరుకు అక్షరములలోను, చేతితో తడవి తెలిసికొను ఆకృతులలోను, విక్తోర్‌కై ఇటార్ చేయించిన బల్లల జాడ కలదు.