అమ్ముకోని గంటం: బమ్మెర పోతన జీవితం

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం, వర్ధన్నపేట)

ఓరుగల్లు నేల మీద పుట్టిన కవుల పేర్లు చెప్పమంటే, పాల్కురికి సోమనాథుని తర్వాత ఎవరి నోటనైనా వచ్చే పేరు బమ్మెర పోతన. మా వర్ధన్నపేటకు నైరుతి దిక్కున పాలకుర్తి, దాని పక్కనే బమ్మెర. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు అవి జనగామ జిల్లాలో పడ్డాయి గాని, అంతకుముందు అంతా ఒకటే వరంగల్ జిల్లా. మా చెల్కల్లో ఉన్న ఎర్రమట్టే అక్కడా ఉంది.

పోతన భక్తి గురించి పెద్దలు ఎన్నో వ్యాసాలు రాశారు. ఆ జోలికి నేను పోను. నేను సైన్సు విద్యార్థిని, పైగా ఎవుసం చేసుకునే ఇంటివాణ్ణి. నాకు తెలుసుకోవాలనిపించింది వేరు. రాజాశ్రయం లేకుండా, జీతం లేకుండా, ఒక మనిషి అంత పెద్ద పుస్తకం ఎట్లా రాశాడు? ఎప్పుడు రాశాడు? తిండి ఎక్కడిది? ఈ రోజుల్లో ఏ కొలువులోనూ లేకుండా రాసుకు బతికేవాణ్ణి ఫ్రీలాన్స్ రచయిత అంటున్నాం. 15వ శతాబ్దంలో అట్లాంటివాడి బతుకు ఎట్లా ఉండేది?

ముందు, మనకు గట్టిగా తెలిసింది చాలా తక్కువ అని ఒప్పుకోవాలి. భాగవతంలో స్కంధాల చివర ఉండే గద్యలో తండ్రి పేరు కేసన అని, తనది సహజ పాండిత్యమని చెప్పుకున్నాడు. తల్లి లక్కమ్మ, అన్న తిప్పన. గురువు ఇవటూరి సోమనాథుడు. చిన్నతనంలో వీరభద్ర విజయం రాశాడు. ఇంటిపేరే బమ్మెర. భాగవతం మొదట్లో, ఒక చంద్రగ్రహణం నాడు నదీస్నానం చేసి ధ్యానంలో ఉండగా రాముడు కనిపించి భాగవతం తెలుగు చెయ్యమన్నాడని రాసుకున్నాడు. ఆయన ఊరు ఏకశిలానగరం అన్నారు గనుక అది కడప జిల్లా ఒంటిమిట్ట అని కొందరు వాదించారు. ఏకశిల అంటే ఓరుగల్లు కాదా అని మనవాళ్లు జవాబిచ్చారు. ఆ వాదం చాలా కాలం నడిచింది, మనకిక్కడ దానితో పని లేదు.

ఆ కాలంలో కవికి డబ్బు వచ్చే దారి ఒకటే, అంకితం. పుస్తకం ఎవరి పేర ఇస్తే వారు అగ్రహారమో, బంగారమో, పట్టుబట్టలో ఇస్తారు. దీన్ని బాగా తెలిసిన మనిషి శ్రీనాథుడు. కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారి. నైషధం మామిడి సింగనకు, హరవిలాసం అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకునికి, కాశీఖండం రాజమహేంద్రవరం వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. పుస్తకానికో ఆసామి! నిజం చెప్పాలంటే ఫ్రీలాన్స్ అన్న మాట అసలు శ్రీనాథునికే సరిపోతుంది. ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం చేయించుకున్నాడని ప్రతీతి. కాని ఆసరా ఇచ్చిన రాజ్యాలు ఒక్కొక్కటే కూలిపోయినాక ఏమైంది? ముసలితనంలో బొడ్డుపల్లి గుత్తకు తీసుకుంటే కృష్ణ పొంగి పంట కొట్టుకుపోయిందనీ, పన్ను కట్టలేక అవమానాల పాలయ్యాడనీ ఆయన పేర వినిపించే చాటుపద్యం చెప్తుంది. పంట మునిగితే ఎట్లుంటదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పద్యం నేను శ్రీనాథుని కోసం కాదు, ఆ కౌలురైతు కోసం చదువుతాను.

వీళ్లిద్దరూ బావమరుదులని జనం చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. శ్రీనాథుడు బోయీలు లేకుండా పల్లకి నడిపించాడట, పోతన కొడుకు మల్లన ఎద్దులు లేకుండా నాగలి నడిపించాడట. న్యూటన్ సూత్రాలు చదివిన వాళ్లం ఎట్లా ఒప్పుకుంటాం? చుట్టరికానికి చరిత్రలో ఆధారం లేదు. కాని రెండు రకాల బతుకుదెరువుల్ని పల్లకి, నాగలి అని పక్కపక్కన పెట్టి చూపించిన జనం తెలివికి మాత్రం దండం పెట్టాలి.

1943లో కె.వి. రెడ్డి తీసిన భక్త పోతన సినిమాతో, నాగయ్య రూపంలో, పోతన అంటే నాగలి పట్టిన పేదకవి అనే బొమ్మ మన మనసుల్లో స్థిరపడింది. ఇక్కడ నాకొక అనుమానం. పోతన తనను అమాత్యుడన్నాడు, తండ్రిని మంత్రి అన్నాడు. కొద్దో గొప్పో పొలమున్న, చదువున్న కుటుంబమే. స్వయంగా దున్నాడా, పాలేర్లతో దున్నించాడా? ఆయన సేద్యగాడన్న మాట ముఖ్యంగా ఆయన పేర ప్రచారంలో ఉన్న పద్యం మీద, ఊరి జ్ఞాపకం మీద నిలబడ్డది. పాలేర్లే ఉంటే, భాగవతం వెనుక ఎవరి చెమట ఉందో వాళ్ల పేర్లు ఏ గద్యలోనూ లేవు. ఏదేమైనా తిండిగింజలు పొలం నుంచే వచ్చాయి, రాజు గరిసె నుంచి కాదు. ఆ ఒక్క సంగతితోనే ఎవరికి అంకితమివ్వాలో తేల్చుకునే స్వేచ్ఛ దొరికింది. భాగవతాన్ని ఆయన దేవుడికిచ్చాడు.

ఆ పొలంలో ఏం పండేవో ఊహించుకుంటే తమాషాగా ఉంటుంది. మిరప లేదు, మక్కజొన్న లేదు, పల్లికాయ లేదు, టమాట లేదు. ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల రాక తర్వాత వచ్చినవి. జొన్న, సజ్జ, కంది, నువ్వులు, ఆముదం, చెరువు కింద వరి. కాకతీయ రాజ్యం 1323లో పోయినా వాళ్లు తవ్వించిన చెరువులు మిగిలాయి. ఆ చెరువుల కింద రోహిణిలో దుక్కి, మృగశిరకు విత్తనం, కలుపు, కాపలా, కోత, కల్లం. మరి రాత ఎప్పుడు?

నాకు తోచింది చెప్తాను. ఆనాటి రాతకు కాగితం కాదు, తాటాకు. ఆకును పదునుచేసి, గంటంతో గీరి, మీద మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. గీరిన గీత చెరగదు. మనం రికార్డు పుస్తకంలో కొట్టేసి రాసినట్టు కుదరదు. కనుక పద్యం ముందు తలలోనే పూర్తిగా తయారు కావాలి. యతి, ప్రాస, గణాలు అన్నీ సరిచూసుకుని, పెదవుల మీద పదిసార్లు తిప్పుకుని, అప్పుడే ఆకు పట్టాలి. ఆ పనికి చేతులు అక్కర్లేదు. మంచె మీద కూచున్నవాడు చెయ్యొచ్చు, మోట వెనుక నడిచేవాడు చెయ్యొచ్చు. పత్తి ఏరేటప్పుడు నేను అల్లుకున్న పాటలన్నీ అట్లా వచ్చినవే. రాత్రి నోట్‌బుక్‌లో ఎక్కించేసరికి సగం గుర్తుండేవి కావు. ఛందస్సు ఎందుకు పుట్టిందో నాకప్పుడు అర్థమైంది. పోతన పద్యాల్లో అక్షరం అక్షరం ఒరుసుకుంటూ, పాదాల చివర ఒకే మోత వస్తుందంటే అది సోకు మాత్రమే కాదు, పద్యాన్ని జారిపోకుండా కట్టిన తాడు.

రాయడానికి ఆయన ఎంచుకున్నది కూడా చూడండి. నన్నయ, తిక్కన, ఎర్రన భారతం తెచ్చారు. భాగవతం ఎవరూ తెలుగు చేయకపోవడం తన అదృష్టమని ఆయనే రాసుకున్నాడు. సంస్కృతంలో 12 స్కంధాలు, లెక్కకు 18,000 శ్లోకాలు. ఆయన మక్కికి మక్కి దించలేదు. శ్రీధరుని వ్యాఖ్యానం దగ్గర పెట్టుకుని, తన మనసు నిలిచిన చోట పెంచాడు. గజేంద్రుడు, ప్రహ్లాదుడు, వామనుడు, రుక్మిణి, వీళ్ల దగ్గర కవి కదలడు. మొసలి నోట చిక్కిన ఏనుగు గోడు చదువుతుంటే బురదలో దిగబడ్డ ఎద్దును చూసినవాడు రాసిందనిపిస్తుంది నాకు.

గజేంద్రమోక్షం దగ్గరే ఇంకో కథ ఉంది. వైకుంఠాన్ని వర్ణించబోయి ముక్క దగ్గర ఆగిపోయాడట. ఎంతకీ సాగక, గంటం పక్కన పెట్టి పొలం వైపు వెళ్లాడట. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. నువ్వే వచ్చి రాసిపోయావు కదా నాయనా అని కూతురు చెప్పిందట. రాముడే పోతన వేషంలో వచ్చాడని జనం నమ్మారు. నేను దీన్ని కొట్టిపారెయ్యను. బెంజీన్ నిర్మాణం తట్టక కునుకు తీస్తే, తోక కరుచుకున్న పాము కలలో కనిపించిందని కెకూలే 1890లో నిండు సభలో చెప్పుకున్నాడు. లెక్క తెగక సైకిలెక్కి చెరువుకట్ట దాకా పోయి వస్తే దారి దొరకడం మనలో ఎందరికి తెలియదు? అట్లా పక్కన పెట్టి పోవడానికి పోతనకు ఒక పొలం ఉంది. గడువు పెట్టే రాజు లేడు.

అయితే ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. దాని ఖరీదు కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఆసామి ఉన్న పుస్తకానికి సభ ఉంటుంది, ప్రతులు రాయించేవాళ్లు ఉంటారు. ఆసామి లేని పుస్తకం ఇంట్లో ఉండిపోతుంది. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు అంకితం అడిగితే కవి ఒప్పుకోలేదనీ, రాజు కోపంతో ప్రతిని పాతిపెట్టించాడనీ, చెదలు తిన్నాయనీ ఒక కథ. ఇంట్లో దాచిన ఆకులే పురుగులు కొట్టాయని మరో కథ. ఆ రాజు మీదే భోగినీదండకం రాసింది కూడా పోతనే అంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. అవునంటే మాత్రం ఆయన కూడా ఒకసారి కొలువు గుమ్మం తొక్కి చూసి, తర్వాతే వెనక్కి తిరిగాడనుకోవాలి. అట్లా అనుకుంటే నాకు పోతన ఇంకొంచెం దగ్గరవాడవుతాడు.

రాస్తే ఏమొస్తదని మా బాపు నన్ను అడుగుతడు. మొన్న ఒక వారపత్రిక నా కథ వేసుకుంది, పైసల మాట ఎత్తలేదు. పొలం అమ్మి పట్నంలో గది తీసుకుని రాద్దామనే ఆలోచన నాకు అప్పుడప్పుడు వస్తుంది. పోతన గురించి చదివినకొద్దీ ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను. కాని మూడెకరాల చెల్క ఈ కాలంలో ఒక ఇంటికి తిండే సరిగా పెట్టలేదు, ఇక పుస్తకానికి ఎట్లా పెడుతుంది? దీనికి జవాబు ఇంకా నా దగ్గర లేదు.

ఇక ఆ పాడైన ఆకుల సంగతి. చెడిపోయిన చోట్ల పూరించడానికి ముగ్గురు పూనుకున్నారు. అయిదో స్కంధం గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండు పన్నెండు వెలిగందల నారయ రాసినవి. వీళ్లకు బంగారం పోసినవాళ్లెవరో మనం వినలేదు. నారయ తన స్కంధాల చివరి గద్యలో ముందుగా తాను పోతనకు ప్రియశిష్యుణ్ణని రాసి, ఆ తర్వాతే తన పేరు రాసుకున్నాడు.