గారపళ్ళ గుట్టు తెలిపిన కర్నల్ షార్ట్

చిలకలూరిపేట చుట్టూ పత్తి, మిరప పండే నల్లరేగడి మైదానం దాటి నైరుతి దిక్కుగా సాగితే దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం వస్తుంది. అది మెట్టసీమ; తాగటానికి బావినీరే ఆధారంగా ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు ఈ తాలూకాలు నెల్లూరు జిల్లాలోనివి. అక్కడి పిల్లల పళ్ళకు గార పట్టటానికీ, పెద్దల నడుములు కొయ్యబారటానికీ కారణం ఒక్కటేనని నిరూపించిన వైద్యబృందానికి నాయకుడు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్.

ఆయన 1887లో పంజాబులో జన్మించాడు. స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ముగించి, 1910లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించాడు. అస్సాం పల్లెలను పీడిస్తూ ఉండిన కాలా అజార్ వ్యాధిపై ఏళ్ళ తరబడి పరిశోధన సాగించాడు. ఆ వ్యాధిని మనిషినుంచి మనిషికి చేరవేసేది ఇసుక ఈగేనని 1942లో స్వామినాథ్, ఆండర్సన్‌లతో కలిసి నిర్ధారణ చేశాడు. కంటికి కనిపించే వ్యాధి లక్షణంతో తృప్తి పడక, దాని మూలం ఎక్కడ దాగి ఉన్నదో వెదకటం ఆయన స్వభావం.

1930 తరువాతి దశకంలో షార్ట్ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా ఉన్నాడు. నెల్లూరు జిల్లా మెట్టలో వింతవ్యాధి ఒకటి ఆయన దృష్టికి వచ్చింది. మొట్టమొదట దానిని గుర్తించినవారు రైతులు. కీళ్ళు బిగిసి ఎడ్లు నడవలేకపోయేవి. మనుషులకు చిన్నతనంలో పళ్ళు సుద్దవలె వెలిసి, తరువాత గోధుమవన్నెకు తిరిగేవి. వయసు మళ్ళినకొద్దీ వెన్ను వంగటం మాని బిగుసుకుపోయేది.

పళ్ళపై మచ్చలకు నీటిలోని ఫ్లోరిన్ కారణమని 1931లోనే అమెరికాలో తెలిసింది. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లా వ్యాధికి కూడా అదే మూలమని గుర్తించి, 1937లో ఇండియన్ మెడికల్ గజెట్‌లో ప్రకటించారు. ఆ సంవత్సరమే వెలువడిన మరొక పత్రంలో షార్ట్‌తో పాటు మెక్‌రాబర్ట్, బర్నార్డు, నాయర్ పాలుపంచుకున్నారు. ఎముకలలో జరిగే మార్పును ఎక్స్‌రే బయటపెట్టింది. ఎముకలు సహజంగా ఉండవలసిన దానికంటే దట్టంగా, తెల్లగా కనిపించాయి. కీళ్ళను కట్టి ఉంచే బంధనాలు సైతం సున్నం పట్టి గట్టిపడ్డాయి. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయాయి. పంటి గార వట్టి అందవికారం కాదనీ, దేహంలోపల సాగుతున్న హానికి అది తొలిహెచ్చరిక కావచ్చుననీ స్పష్టమయింది.

ఆ హెచ్చరిక బాల్యంలోనే ఎందుకు కనిపిస్తుంది? చిన్నపిల్లల దవడను ఎక్స్‌రే తీసి చూస్తే పాలపళ్ళ అడుగున శాశ్వతదంతాల మొలకలు వరుసగా కనిపిస్తాయి. జ్ఞానదంతాలను మినహాయిస్తే, వాటి పింగాణిపొర సుమారు ఎనిమిదేళ్ళ వయసులోపల, చిగురు చాటుననే తయారవుతుంది. ఆ కాలంలో ఫ్లోరిన్ మితిమీరి దేహంలో చేరితే పొర చెడుతుంది. పన్ను మొలిచేనాటికి మచ్చ పడే ఉంటుంది. కనుక పదేళ్ళ బాలుని పంటిమీది గార ఏనాడో తాగిన నీటికి సాక్ష్యం. గారను గుర్తించటానికి కన్ను చాలు; ఎక్స్‌రే చూపేది చిగురుకింది మొలకలనూ, పళ్ళ సందున దాగిన పుచ్చునూ. దానిని దంతవైద్యుడు అవసరమని తలచినప్పుడే తీయించాలి. ఫ్లోరిన్ స్వల్పంగా ఉంటే పళ్ళను పుచ్చకుండా కాపాడుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించింది.

షార్ట్ ఆ తరువాత లండన్ చేరి, 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మరొక రహస్యం ఛేదించాడు. మలేరియా క్రిమి రక్తంలో ప్రవేశించటానికి ముందు కాలేయంలో దాగి పెరుగుతుందని వారు కోతులలో కనుగొన్నారు. 1950లో ఆయనకు రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. నూరేళ్ళు జీవించి 1987లో కన్నుమూశాడు.

పడిన మచ్చను మంచినీరు చెరపలేదు. కాని బడిలో ఒక పిల్లవాని పంటి గారను ఉపాధ్యాయుడు గుర్తించి, ఆ యింటి నీటిని పరీక్ష చేయిస్తే, పళ్ళు ఇంకా చిగురుకిందనే ఉన్న తమ్ముడూ చెల్లెలూ ఆ హాని తప్పించుకోగలరు. షార్ట్ బృందం చేసిన కృషికి పల్లెలో కలిగే ఫలం ఇదే.