పిడికెడు బియ్యం – డోర్నకల్ బిషప్

 

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు అందరిలాగే నేనూ బడి రోజుల అల్లరి రాద్దామనుకున్నాను. తీరా కలం పట్టుకుంటే మా నాయనమ్మ బియ్యం కుండ గుర్తొచ్చింది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఆమె ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం అవి గుడికి వెళ్ళేవి. ఇంట్లో గింజలు నిండుకున్నా ఆ కుండ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి ఆకలికి ఆగలేక దొంగతనంగా గుప్పెడు తీసి నమిలాను. మనకే లేనప్పుడు దేవుడికెందుకివ్వాలి? ఈ ప్రశ్నకు జవాబు, ఏళ్ళ తర్వాత బిషప్ అజరయ్య గారి జీవితం చదివితే గానీ దొరకలేదు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి పల్లె పాస్టరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా పట్టా తీసుకోకుండానే బయటికొచ్చి, వై.ఎం.సి.ఎ.లో పనికి కుదిరారు. 1902లో యాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సేవకులను దూర ప్రాంతాలకు పంపడం చూశారు. తమ వాళ్ళు తరతరాలుగా పుచ్చుకోవడమే గానీ ఇవ్వడం నేర్చుకోలేదని సిగ్గుపడ్డారు. మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. డబ్బూ మనుషులూ పెత్తనమూ అన్నీ మనవే కావాలన్నది దాని నియమం. ఆ సంఘం ఎంచుకున్న పొలమే నిజాం రాజ్యంలోని డోర్నకల్.

ఇతరులను పంపి తాను ఉండిపోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో మంచి ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భాష తెలియని ఊరికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో దొరల ఎదుటే, మిషనరీలు చేసిన త్యాగానికి కృతజ్ఞత చెబుతూనే, భారతీయులకు ఇంకా దక్కనిది వారి స్నేహమని చెప్పారు. కొందరికి కోపం వచ్చింది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. పట్టా లేని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

నన్ను కదిలించింది ఈ పదవులు కాదు, ఆయన పల్లెల్లో చేసిన పని. సంఘంలో చేరిన వారిలో ఎక్కువమంది మాల మాదిగ కూలీలు. వారికి ఆయన ముందు చెప్పినవి పెద్ద సిద్ధాంతాలు కావు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను ఇంట్లోంచి వెళ్ళగొట్టమన్నారు. వాకిలి ఊడవడం, పిల్లల్ని బడికి పంపడం, సారాయి మానడం, ఇవన్నీ ఆయన లెక్కలో భక్తే. దేవుణ్ణి ఎరగడమంటే ఆదివారం పాట పాడటమే కాదు, సోమవారం పొలంలో ఎలా ఉంటామన్నదే. ఆ మార్పు చూసి ఇతర కులాల వారూ సంఘంలోకి వచ్చారు.

పేదలని వాళ్ళను ఇవ్వడం నుంచి ఆయన మినహాయించలేదు. స్త్రీలు వంట వేళ తీసే పిడికెడు బియ్యం, కోత పండుగకు తెచ్చే ధాన్యం, కోళ్ళు, ఇవే పల్లె సంఘాలకు ఆధారం. తరాలుగా దొర వాకిట చేయి చాచిన మనిషి మొదటిసారి ఇచ్చేవాడయ్యాడు. ఇచ్చే చేతికి ఉండే గౌరవమేమిటో ఆయన ఎరుగుదురు.

ఆయన మార్గాన్ని అందరూ ఒప్పుకోలేదు. మతమార్పిడి విషయంలో గాంధీజీకీ ఆయనకూ పొత్తు కుదరలేదు. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నది ఆయనే. డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. మసీదు గుమ్మటాలూ మినార్లూ, దేవాలయ మంటపాల్లాంటి రాతి స్తంభాలూ అందులో కలిసి కనిపిస్తాయి. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కోరుకున్న సంఘాల ఐక్యత, దక్షిణ ఇండియా సంఘం రూపంలో, 1947లో గానీ రాలేదు.

ఆ గుడిలో నిలబడ్డప్పుడు నాయనమ్మ నాకు కొత్తగా అర్థమైంది. ఆమె ఎప్పుడూ తనను లేనిదాన్నని అనుకోలేదు. ఆ కుండ ఉన్నన్నాళ్ళూ ఆమె ఇచ్చే మనిషే.

ఈ స్వర్ణోత్సవంలో మన బడి పిల్లల కోసం నా వంతు ఇచ్చేటప్పుడు, ఖర్చులు పోగా మిగిలిన దాంట్లోంచి ఇవ్వలేదు. పింఛను అందిన రోజే ముందుగా తీసి పక్కన పెట్టాను. చిన్నప్పుడు నమిలిన ఆ గుప్పెడు బియ్యం బాకీ ఇంకా తీరినట్టు లేదు.