కొండదారి బాటసారి: జిడ్డు కృష్ణమూర్తి

దక్షిణ రాయలసీమ కొండలు తొలిచూపులో కఠినంగా తోస్తాయి. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే బండరాళ్లు, వాన కోసం ఎదురుచూసే మెట్టచేలు, చింతచెట్లు, చెరువుగట్లు ఇక్కడి ప్రకృతి స్వరూపం. ఈ నేలపై పుట్టి, బాల్యంలోనే దూరమై, ప్రపంచమంతా పర్యటించి, వార్ధక్యంలో మళ్లీ మళ్లీ ఈ కొండదారుల్లో నడవడానికి వచ్చిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి.

ఆయన 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. మదనపల్లె కడప జిల్లాలో భాగంగా ఉండేది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానం కావడంతో బిడ్డకు కృష్ణుని పేరు పెట్టారు. చిన్నతనంలో మలేరియా జ్వరం ఆయనను ఎంతగానో బాధించింది. చదువులో వెనుకబడిన బాలుణ్ణి ఉపాధ్యాయులు మందమతిగా భావించారు. కాని ఆ బాలుడు మేఘాలను, చీమల బారులను, చెట్లను గంటల తరబడి చూస్తూ ఉండిపోయేవాడు. పదేళ్ల ప్రాయంలో, 1905లో, తల్లి మరణించింది.

1909లో నారాయణయ్య కుటుంబంతో మద్రాసులోని అడయారుకు తరలివెళ్లారు. దివ్యజ్ఞాన సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ అక్కడి సముద్రతీరంలో కృష్ణమూర్తిని చూసి, ఈ బాలుడు లోకగురువు కాగలడని నిశ్చయించారు. అనీబిసెంట్ ఆయనకు, తమ్ముడు నిత్యానందకు సంరక్షకురాలయ్యారు. 1911లో అన్నదమ్ములిద్దరూ ఇంగ్లండుకు పయనమయ్యారు. బిడ్డలను తిరిగి పొందడానికి తండ్రి న్యాయస్థానాలను ఆశ్రయించినా, 1914లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు అనీబిసెంట్‌కే అనుకూలంగా వచ్చింది. ఆంగ్ల విద్య, పాశ్చాత్య జీవన విధానం అలవడుతున్నకొద్దీ కృష్ణమూర్తి తమ మాతృభాషయైన తెలుగును క్రమంగా మరచిపోయారు. లోకగురు పీఠం కోసం ఆయన బాల్యం చెల్లించిన మూల్యాలలో ఇది ఒకటి.

1925 నవంబరులో నిత్యానంద క్షయవ్యాధితో మరణించారు. తమ్ముడు జీవిస్తాడని మహాత్ములు అభయమిచ్చినట్లు నమ్మిన కృష్ణమూర్తిని ఆ మరణం సమూలంగా కదిలించింది. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, వేలాది అనుయాయుల సమక్షంలో, తమకోసం నెలకొల్పిన నక్షత్ర సంస్థను ఆయన స్వయంగా రద్దు చేశారు. సత్యాన్ని చేరడానికి ఏర్పరచిన మార్గాలేవీ లేవనీ, ఏ గురువూ ఏ సంస్థా మనిషిని అక్కడికి తీసుకొనిపోజాలవనీ ప్రకటించారు. తమకు సమకూరిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించారు.

గురుత్వాన్ని త్యజించినా విద్యపై ఆయనకు గల ఆసక్తి సడలలేదు. మదనపల్లెకు చేరువలోని ఒక లోయను ఆయన 1920వ దశకంలో పాఠశాల కోసం ఎంచుకున్నారు. అక్కడ విశాలమైన మర్రిచెట్టు ఉండేది. పూర్వం ఋషులు తపస్సు చేసిన చోటని జనం చెప్పుకొనే ఆ ప్రదేశమే ఋషివ్యాలీ. ద్వితీయ ప్రపంచ యుద్ధకాలాన్ని అమెరికాలోని ఓహైలో గడిపిన ఆయన 1947లో భారతదేశానికి తిరిగివచ్చారు. అటుపిమ్మట తరచుగా శీతాకాలాలలో ఋషివ్యాలీలో విడిది చేసేవారు.

అక్కడ సాయంకాలపు నడక ఆయన దినచర్యలో ముఖ్యభాగం. అరవై, డెబ్భై ఏళ్లు దాటినా నిటారుగా, వేగంగా నడిచేవారు. ఆ నడకకు వ్యాయామాన్ని మించిన ప్రయోజనం ఉన్నది. తెలిసిన చెట్టును కూడా నిన్నటి జ్ఞాపకంతో గాక, నేడే మొదటిసారిగా చూస్తున్నట్లు చూడాలన్నది ఆయన బోధలోని ప్రధానాంశం. ఆ బోధకు ఆయన ఎంచుకున్న అభ్యాసక్షేత్రం ఈ కొండదారి. 1961లో వ్రాయ నారంభించిన దినచర్య పుస్తకంలో ఋషివ్యాలీ కొండలను, అస్తమయ కాంతిని, పనులు ముగించుకొని ఇళ్లకు మరలే పల్లెవాసులను ఆయన శ్రద్ధగా చిత్రించారు. అది 1976లో గ్రంథరూపం పొందింది.

దారిలో ఎదురయ్యే ఆ పల్లెవాసులు మాట్లాడేది తెలుగు. అది ఆయన తల్లి పలికిన భాష. కాని వారితో ఆ భాషలో సుఖదుఃఖాలు ముచ్చటించే భాగ్యం ఆయనకు మిగలలేదు. భాష దూరమైన నేలను ఆయన చూపుతోను, వినికిడితోను తిరిగి దగ్గర చేసుకున్నారు.

వినడమనే విషయంలో సంగీతాన్ని గురించిన ఆయన ఆలోచనలు కూడా గమనింపదగినవి. 1961 నుండి 1985 వరకు ప్రతి వేసవిలోను ఆయన స్విట్జర్లాండులోని సానెన్‌లో ఉపన్యసించారు. ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ 1957లో సంగీతోత్సవాన్ని ప్రారంభించినది ఆ ప్రాంతంలోనే. వారిద్దరికీ యోగాసనాలు నేర్పినవారు బి.కె.ఎస్. అయ్యంగారు. కృష్ణమూర్తి పాశ్చాత్య సంగీతాన్ని ఇష్టంగా వినేవారు. అయినా విద్వాంసుల కీర్తిని చూసి ముగ్ధులు కాలేదు. వయొలిన్‌ను పేరుప్రతిష్ఠలకు సాధనంగా వాడుకొనేవాడు ప్రేమించేది కీర్తినే గాని సంగీతాన్ని కాదని ఆయన అభిప్రాయం. వేదికపై అద్భుతంగా వాయించే కళాకారుడు నిత్యజీవితంలో అసూయతో, అహంకారంతో మసలితే ఆ నైపుణ్యం సంపూర్ణమైన సృజన కాదని భావించేవారు. స్వరాన్ని మాత్రమే గాక, రెండు స్వరాల నడుమ ఉండే నిశ్శబ్దాన్ని కూడా వినాలని చెప్పేవారు.

ఈ భావాన్ని మన కచేరీ సంప్రదాయంతో పోల్చి గ్రహించవచ్చు. గాయకుడు ఏ సంగతి వేస్తాడో ప్రక్కవాద్యంగా కూర్చున్న వయొలిన్ విద్వాంసుడికి ముందుగా తెలియదు. తన ప్రతిభను ప్రదర్శించాలనే తొందర కలిగిన క్షణంలో అతని వినికిడి చెదురుతుంది. పూర్తిగా విన్నప్పుడే కమాను సరైన చోట పలుకుతుంది. కృష్ణమూర్తి కొండదారిలో సాధన చేసినది అటువంటి వినికిడినే.

1985 చివరలో, తొంభై ఏళ్ల వయస్సులో, ఆయన ఋషివ్యాలీకి చివరిసారిగా వచ్చారు. అప్పటికే శరీరం కృశించింది. నడక తగ్గింది. అయినా ఉపాధ్యాయులతో సమావేశాలు మానలేదు. 1986 జనవరి 4న మద్రాసులో చివరి ఉపన్యాసం చేశారు. అడయారు తీరంలో చివరి నడక ముగించుకొని, జనవరి 10వ తేదీ రాత్రి అమెరికాకు బయలుదేరారు. బాలునిగా ఆయనను లెడ్‌బీటర్ గుర్తించినదీ, వృద్ధునిగా ఆయన మాతృదేశానికి వీడ్కోలు పలికినదీ ఆ ఇసుక తీరంలోనే. ఫిబ్రవరి 17న ఓహైలో క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు.

తమ తరువాత తమ బోధకు వ్యాఖ్యాతలుగాని, వారసులుగాని ఉండరాదని ఆయన కోరారు. దశాబ్దాలుగా నాటిన చెట్లతో ఋషివ్యాలీ పచ్చబడింది. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ కేంద్రంగా గుర్తింపు పొందింది. లోకగురు సింహాసనాన్ని కాదన్న మనిషికి ఆ చెట్ల నీడ, ఆ పక్షుల పలుకులు తగిన స్మృతిచిహ్నాలు. పరుల మాటను అరువు తెచ్చుకొనక, స్వయంగా చూచి, స్వయంగా విని, స్వయంగా గ్రహించమన్నదే కృష్ణమూర్తి జీవితం అందించే సందేశం.