మాట రాని ఉపాధ్యాయిని

కేరళ నుండి మన పల్లెలకు వచ్చిన సిస్టర్లు మొదటి రోజుల్లో తెలుగు మాటల కోసం తడుముకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. పిల్లలు నవ్వుతారు, సిస్టరూ నవ్వుతుంది, ఏడాది తిరిగేసరికి ఆమే పిల్లల చేత తెలుగు వ్రాయిస్తుంది. మరి ఎంత కష్టపడినా ఆ భాష పట్టుబడని ఉపాధ్యాయిని సంగతి ఏమిటి? పునీత ఫిలిప్పీన్ డ్యుషేన్ అలాంటి మనిషి.

ఆమె 1769లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పట్టణంలో, కలిగినవారి ఇంట పుట్టింది. అమెరికా నుండి తిరిగివచ్చిన ఒక గురువు చెప్పిన కథలు విని, అక్కడి ఆదివాసుల మధ్యకు వెళ్ళాలని చిన్ననాడే ఆశపడింది. తండ్రికి ఇష్టం లేకున్నా మఠంలో చేరింది. ఫ్రెంచి విప్లవం ఆ మఠాన్ని మూయించింది. 1804లో తిరుహృదయ సభలో చేరి, నన్ను పంపండి అని పెద్దలను అడుగుతూనే ఉంది. అనుమతి దొరికేసరికి 48 ఏళ్ళు. మన ఇళ్ళల్లో ఆ వయసుకు మనుమలను ఎత్తుకోవడం గురించి ఆలోచిస్తాం.

1818లో నలుగురు సిస్టర్లతో ఓడ ఎక్కి, రెండు నెలలకు పైగా సముద్రం మీద గడిపి, చివరకు మిస్సోరీ ప్రాంతంలోని సెయింట్ చార్లెస్ అనే చిన్న ఊరు చేరింది. సెప్టెంబరు 14న ఒక దుంగల ఇంట్లో పేద పిల్లలకు ఉచిత పాఠశాల తెరిచింది. మిస్సిసిపీ నదికి పడమట అదే మొదటి ఉచిత బడి అంటారు. ఇంగ్లీషు మాత్రం ఆమెకు చివరి వరకూ సరిగ్గా రాలేదు.

ఒక సంగతి దాచకూడదు. ఆ దేశంలో అప్పుడు బానిసత్వం ఉండేది. ఆమె సభ మఠాల్లోనూ బానిసలు పని చేశారు. సభవారే ఇటీవల దీన్ని బహిరంగంగా ఒప్పుకొన్నారు. పునీతుల చరిత్ర వ్రాసేవాడు ఈ పుటను చింపివేయరాదు.

చిన్ననాటి ఆశ తీరేసరికి 1841 వచ్చింది, ఆమెకు 71 ఏళ్ళు నిండాయి. 1838లో ప్రభుత్వం పొటవాటోమి ప్రజలను ఇండియానా నుండి తుపాకుల కాపలాతో వెళ్ళగొట్టింది. దారిలో 40 మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలే. మిగిలినవారు నేటి కాన్సాస్‌లోని షుగర్ క్రీక్ దగ్గర తలదాచుకున్నారు. అక్కడికి వెళ్ళే బృందంలో ఈ జబ్బు మనిషి ఎందుకన్నారు కొందరు. వెర్హేగన్ గురువులు మాత్రం ఆమె ప్రార్థన చేస్తే చాలు, రావలసిందే అని పట్టుబట్టారు.

తోటి సిస్టర్లు ఆడపిల్లలకు బడి పెట్టారు. ఈమెకు ఆ భాష నోరు తిరగలేదు. పాఠం చెప్పలేక, గుడిలో గంటల తరబడి మోకరించేది. పిల్లలు చప్పుడు చేయకుండా వెనుకగా వచ్చి ఆమె అంగీ అంచు మీద కాగితం ముక్కలు పెట్టి, చాలాసేపటికి తిరిగివచ్చి చూస్తే అవి కదలకుండా ఉండేవట. ఎల్లప్పుడూ ప్రార్థించే స్త్రీ అని వారు ఆమెకు తమ భాషలో పేరు పెట్టుకున్నారు. మాట లేనిదే బోధన లేదని సెమినరీ తత్త్వశాస్త్ర తరగతిలో మేము గంటలు గంటలు వాదించుకున్నాం. షుగర్ క్రీక్ పిల్లలు ఆ తరగతికి రాలేదు.

ఆరోగ్యం చెడిందని ఏడాదికే వెనక్కి పిలిచారు. ఆమెకు అది పెద్ద దెబ్బ. సెయింట్ చార్లెస్‌లో మెట్ల కింద ఇరుకు గదిలో మరో పదేళ్ళు బ్రతికి, 1852 నవంబరు 18న కన్నుమూసింది. 1988 జూలై 3న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

ఆమె వదిలివచ్చిన బడి ఆగలేదు. 1848లో పొటవాటోమి ప్రజలు మరో చోటికి తరలవలసి వచ్చినప్పుడు సిస్టర్లు కూడా వారి వెంట వెళ్ళారు.